యాభయ్యారు గంటల సముద్రం

ఎచ్చెర్లలో పుట్టినవాడికి సముద్రాన్ని ఎవరూ చూపించనక్కరలేదు. బుడగట్లపాలెం మా మండలంలోదే. అయితే చూడడం వేరు, దాటడం వేరు. మా తీరాన సముద్రం దాటినవాళ్లంతా పొట్ట చేతబట్టుకొని దాటినవాళ్లే. సరదాకు ఓడ ఎక్కినవాడు మా వంశంలో నేనే మొదటివాణ్ణి కాబోలు.

ఒకప్పుడు ఓడ కోసం విశాఖ దాకా పోవలసిన పని ఉండేది కాదు. వంశధార కడలిలో కలిసే చోట కళింగపట్నం రేవు ఉండేది. దక్షిణాన భీమునిపట్నం, డచ్చివాళ్లు వర్తకం చేసిన ఊరు. మన గోగునార అక్కడినుంచే విదేశాలకు పోయి 'బిమ్లి జనుము' అని పేరు తెచ్చుకొన్నది. స్టీమరు ఒడ్డుకు వచ్చేది కాదు. దూరాన లంగరు వేసుకొని నిలబడితే, జనం పడవల మీద అలలు దాటి పోయి ఎక్కవలసిందే. అలా ఎక్కినవాళ్లలో బర్మాకు కూలికి పోయేవాళ్లెందరో! రంగూను రేవులో మూటలు మోసిందీ, ధాన్యపు మిల్లుల్లో చెమటోడ్చిందీ మనవాళ్లే. అక్కడివాళ్లు తెలుగువాణ్ణి 'కొరంగీ' అనేవారు. 1941 డిసెంబరులో రంగూను మీద జపాను బాంబులు పడ్డాక ఎందరో కొండలూ అడవులూ పట్టి నడిచివచ్చారు. ఇప్పుడు కళింగపట్నంలో లైటుహౌసు ఉన్నది గాని ఓడలు లేవు.

మేము బయలుదేరింది 2019 జనవరిలో. అంతకు మూడు నెలల ముందే తిత్లీ తుపాను మా జిల్లాను ఊడ్చిపెట్టి పోయింది. "ఇప్పుడు సముద్రం మీద సరదా ఏమిటండీ?" అన్నది మా ఆవిడ. సంక్రాంతి దాటాక బంగాళాఖాతం సాధువైపోతుందని నచ్చజెప్పాను. విశాఖ నుంచి అండమానుకు ఓడ రోజూ ఉండదు. నెలకొకటి అంటారు, ఆ తేదీ కూడా జరుగుతూ ఉంటుంది. ఈతకొలనులూ విందులూ ఉండే విలాసపు ఓడ కాదు సుమా! సర్కారువారి ప్రయాణికుల ఓడ. పైన గదులు, క్రింద బంకు తరగతి. అంటే పెద్ద హాలులో రైలు బెర్తుల్లాంటి పడకల వరుసలు. మేము గది తీసుకొన్నాము గాని నిద్రకు తప్ప అందులో ఉన్నది లేదు.

ఓడ రేవు వదలి కాలువలోకి రాగానే ఒక ప్రక్క డాల్ఫిన్ నోస్ కొండ, రెండవ ప్రక్క మూడు గుట్టల మీద వెంకటేశ్వరుని కోవెల, దర్గా, చర్చి. ముగ్గురికీ దణ్ణం పెట్టుకొని సముద్రంలో పడ్డాము. 1933లో తెరచిన ఈ రేవే చుట్టుపట్ల చిన్న రేవుల బేరం లాగేసుకొన్నది. ఆ సంగతి తెలిసినా దాని అందం ముందు కోపం నిలవలేదు.

రెండవనాడు మా చిన్నవాడికి వాంతులు పట్టుకొన్నాయి. పైతట్టు మీద కూర్చున్న ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి ఊరవేసిన నిమ్మకాయ ముక్క వాడి చేతిలో పెట్టింది. "నీటికేసి సూడకు బాబూ, దూరంగా ఆకాశం ఆనేకాడ సూడు" అన్నది. పావుగంటలో వాడు తేరుకొన్నాడు. తీరా అడిగితే ఆమెది మా మండలంలోని డి. మత్స్యలేశమే! పోర్టుబ్లెయిరులో, జంగ్లీఘాటులో ఉన్న కొడుకు దగ్గరకు పోతున్నది.

"ఒక్కర్తివీ ఇంత దూరమా? భయం లేదా అప్పా?" అన్నది మా ఆవిడ.

"సంద్రం ఏటి సేత్తాది తల్లీ? గీతలే సేత్తాయి. నీటి మీద గీత ఎవుడికి కనిపిత్తాది?"

మాకు అర్థమైంది. మా తీరంలో సరైన చేపల రేవు లేక కుర్రవాళ్లు గుజరాతులోని వేరావల్ పోయి, పరాయి పడవల మీద జీతానికి వేట చేస్తారు. 2018 నవంబరులో అలా పోయిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు ఇరవై మందికి పైగా సరిహద్దు దాటారని పాకిస్తానువారికి పట్టుబడ్డారు. మేము ఓడలో ఉన్ననాటికి వాళ్లు కరాచీ జైల్లోనే ఉన్నారు. "మా ఊరోళ్లు ఉన్నారమ్మా" అని, ఆమె ఇక మాట్లాడలేదు.

మూడవనాడు దీవులు కనిపించాయి. నీళ్లలోంచే చెట్లు మొలిచాయా అన్నట్లున్నాయి. అక్కడ జనవరిలో సాయంత్రం అయిదు దాటగానే చీకటి పడిపోతుంది. రాధానగర్ ఇసుక పిండిలా మెత్తగా ఉంటుంది. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనుక ఉన్న కొబ్బరిచెట్ల తీరం ఈ దీవులదే. పిల్లలు నోటు పట్టుకొని పోల్చి చూచి మురిసిపోయారు.

సెల్యులర్ జైలు మాత్రం నడక ఆపేస్తుంది. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. నడుమ బురుజు, చుట్టూ చక్రపు ఆకుల్లా ఏడు బారులు. ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక బారు ముఖం ఇంకొక బారు వీపును చూస్తుంది. ఖైదీకి ఖైదీ ముఖం కనిపించకూడదట! అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాను శిక్ష అనుభవించి వచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు విశాఖ నుంచి ఎన్నికయ్యారు. ఒక కొట్టులో నిలబడి పైనున్న చిన్న కిటికీకేసి చూస్తుంటే నాకు కరాచీ గుర్తుకొచ్చింది. మా ఆవిడ ఏమీ అనకుండా బయటికి పోయి నిలబడింది.

మరునాడు జంగ్లీఘాటు వెళ్లాము. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నారు. అక్కడ చేపల బేరాలు వింటుంటే శ్రీకాకుళం సంతలో ఉన్నట్లే ఉన్నది. అప్ప కొడుకు మమ్మల్ని చేపల పులుసుతో అన్నం తినకుండా కదలనివ్వలేదు. ఆ దీవిలోనే పుట్టిన మనుమరాలు నన్నడిగింది: "ఎచ్చెర్ల ఏ దీవిలో ఉంది తాతా?"

2020 జనవరిలో ఆ జాలరుల్లో ఇరవై మందిని వాఘా సరిహద్దు దగ్గర మనవాళ్లకు అప్పగించారు. వార్త వచ్చిన రోజే మా ఆవిడ జంగ్లీఘాటుకు ఫోను చేసింది. అప్పకు అప్పటికే తెలుసునట. ఊళ్లో పాయసం వండారని చెప్పింది. 2024లో పోర్టుబ్లెయిరు పేరు శ్రీ విజయపురం అయింది. అప్ప నోట మాత్రం ఇంకా 'బ్లేరే'. మళ్లీ ఎప్పుడొస్తారని ఫోను చేసినప్పుడల్లా అడుగుతుంది. ఓడ తేదీ తెలియాలి కదా అంటాము.