ఎర్త్ చూశావా?

ఈసారి వంట గురించో సినిమా గురించో కాదు, కారు గురించి రాస్తున్నాను. కారు బాగవడానికి రెండు వారాలు పట్టింది. ఇది రాయడానికి కూడా అంతే పట్టింది.

కారు మా నాన్నది, 2009 మోడల్. నాన్న పోయి మూడేళ్లయింది. ఇప్పుడు మిషిగన్‌లోని నోవైలో, అమ్మ దగ్గర ఉంది. అమ్మ రోజూ దాంట్లోనే పనికి వెళ్తుంది. పోయిన ఎండాకాలం నుంచి దానికి ఒక జబ్బు వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఏసీ వేసి ఉంటే, ఇంజన్ వణికేది. ఒక్కోసారి ఆగిపోయేది కూడా. ఆ మోడల్ ఇంజన్ కంప్యూటర్‌కి కొత్త ప్రోగ్రాం వచ్చిందని చదివాను. అది ఎక్కిస్తే జబ్బు పోతుందనుకున్నాను.

ఇది ఇంట్లో చేయగలిగే పనే. అమెరికాలో 1996 మోడల్ నుంచి వచ్చిన కార్లకి స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. దాని పేరు ఓబీడీ 2. ఆ సాకెట్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఒక చిన్న పెట్టె పెట్టాలి. నేను పెట్టె కొన్నాను, ప్రోగ్రాం తెచ్చుకున్నాను, ఏప్రిల్‌లో ఒక శనివారం గరాజ్‌లో కూర్చున్నాను.

ల్యాప్‌టాప్ కారుని గుర్తుపట్టింది. పాత ప్రోగ్రాం నంబరు చదివింది. నేను 'రాయి' అనే బటన్ నొక్కాను. ముందున్న రేడియేటర్ ఫ్యాను తనంతట తనే తిరగడం మొదలుపెట్టింది. కొంచెం సేపటికి తెర మీద ఒక వాక్యం వచ్చింది: కంప్యూటర్‌తో సంబంధం తెగిపోయింది. అంతే. పాత ప్రోగ్రాం చెరిగిపోయింది, కొత్తది సగమే ఎక్కింది. తాళం తిప్పితే ఫ్యాను తిరుగుతుంది కానీ ఇంజన్ స్టార్ట్ అవదు.

మా అన్నయ్య 'ఎప్పటికైనా పోయే కారే కదా, ఇచ్చేద్దాం' అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. సోమవారం పనికి పక్కింటావిడ కారులో వెళ్లింది.

నేను వైర్లన్నీ మల్టీమీటర్‌తో చూశాను. సాకెట్‌లో 16వ పిన్నుకి బ్యాటరీ కరెంటు వస్తోంది. బ్యాటరీ తీసేసి 6, 14 పిన్నుల మధ్య కొలిచాను. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు అవే. ఆ వైర్లకి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కొక్కటి ఉంటుంది. కాబట్టి మీటరు 60 చూపించాలి. 120 చూపిస్తే ఒక చివర తెగినట్టు. సున్నా దగ్గర ఉంటే రెండు వైర్లూ ఎక్కడో కలిసిపోయినట్టు. నాకు 60 వచ్చింది. మిగిలిన వైర్లన్నిటికీ మీటరు బీప్ అంది. అన్నీ బాగున్నాయి. కారు మాత్రం చచ్చిపోయి ఉంది.

అప్పుడు పెదనాన్న గుర్తొచ్చారు. ఆయనకి విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. నలభై ఏళ్లు ఆ పని చేశారు. కానీ నేనూ ఆయనా ఎప్పుడూ మూడు వాక్యాలే మాట్లాడుకున్నాం. 'బాగున్నారా?' 'బాగున్నానమ్మా.' 'నాన్నకి ఇస్తున్నాను.' నాన్న పోయాక నాలుగో వాక్యం లేక ఫోన్ చేయడం మానేశాను. మీలో కొంతమందికి ఇది తెలిసే ఉంటుంది.

మాకు రాత్రి తొమ్మిదిన్నర, వాళ్లకి ఉదయం ఏడు. వీడియో కాల్ చేశాను. ముందుగా కాగితం మీద అంతా రాసుకున్నాను. నిఘంటువు చూసి 'నేల తీగ' అని కూడా రాసుకున్నాను.

"ఏమ్మా, బండి పాడైందా?" అన్నారు.

బండి అంటే ఎద్దుల బండి అనుకునేదాన్ని. కారుని కూడా బండి అనొచ్చని ఆ రోజే తెలిసింది.

"అవును పెదనాన్నా. వైర్లన్నీ చూశాను. నేల తీగ కూడా చూశాను."

"నేల మీద తీగేంటమ్మా? ఎవరు పడేశారు?"

నేను చేతులతో చూపించాను. బ్యాటరీ మైనస్ నుంచి కారు బాడీకి వెళ్లే వైరు అన్నాను. ఆయన గట్టిగా నవ్వారు. అచ్చం నాన్న నవ్వే. "ఎర్త్ అనమ్మా, ఎర్త్! సరే, ఎర్త్ ఎలా చూశావు?"

"మీటరు బీప్ అంది."

"బీప్‌ని నమ్మకు తల్లీ. ఖాళీగా ఉన్న వైరు ఎప్పుడూ మంచిదే. లోడ్ మీద చూడు."

ఇది నాకు మొదట అర్థం కాలేదు. ఆయన మూడు సార్లు చెప్పారు, నిదానంగా, ఒక్కోసారి ఒక్కో రకంగా. నాకు అర్థమైంది ఇది: మీటరు బీప్ కోసం వైరులోకి చాలా చిన్న కరెంటు పంపిస్తుంది. ఆ చిన్న కరెంటు తుప్పులోంచి కూడా వెళ్లిపోతుంది. ఫ్యాను లాంటిది పది ఆంపియర్లు లాగినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. తుప్పు వల్ల 0.09 ఓమ్ అడ్డం ఉందనుకోండి. మీటరు దాన్ని పట్టించుకోదు. కానీ పది ఆంపియర్లు వెళ్తే 0.9 వోల్టులు అక్కడే పోతాయి.

ఎలా కొలవాలో కూడా చెప్పారు. మీటరుని డీసీ వోల్టుల మీద పెట్టాలి. నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర వైరు కంప్యూటర్ ఎర్త్ పిన్ను మీద పెట్టాలి. తాళం వేయకుండా చూశాను: 0.00. తాళం తిప్పాను, ఫ్యాను తిరిగింది. మీటరు 0.92 చూపించింది.

"ఎంత?" అన్నారు.

"సున్నా పాయింట్ తొమ్మిది రెండు."

"దొరికాడు దొంగ! 0.1 దాటకూడదు. ఇప్పుడు ఎర్ర వైరుని కొంచెం కొంచెం బ్యాటరీ వైపు జరుపుకుంటూ రా."

కంప్యూటర్ నుంచి వచ్చే ఎర్త్ వైరు, ఎడమ ముందు చక్రం పైన, లోపల ఒక బోల్టు దగ్గర బాడీకి కలుస్తుంది. వైరు చివర రింగు మీద పెడితే 0.90. పక్కనే బాడీ మీద, పెయింట్ గీకి పెడితే 0.03. అంటే తేడా అంతా ఆ బోల్టు కిందే ఉంది. ఫ్యాను ఎర్త్ కూడా అదే బోల్టుకి ఉంది. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. బోల్టు విప్పితే కింద అంతా తుప్పు, రింగు మీద పచ్చగా చిలుము.

ఎమరీ పేపరుతో రెండూ మెరిసేదాకా రుద్దాను. బిగించి, పైన వ్యాసలిన్ రాశాను. మళ్లీ కొలిస్తే 0.04. ఈసారి బ్యాటరీకి 13.5 వోల్టుల నిలకడైన సప్లై కూడా తగిలించాను. ప్రోగ్రాం రాసేటప్పుడు కరెంటు తగ్గకూడదు. మామూలు పాత చార్జర్ పనికిరాదు, దాని కరెంటు నిలకడగా ఉండదు.

బటన్ నొక్కాను. ఫ్యాను తిరిగింది. పెదనాన్న ఫోన్ పెట్టలేదు, టీ తాగుతూ చూస్తూ ఉన్నారు. పదకొండు నిమిషాలకి పని పూర్తయింది. సగం ప్రోగ్రాంతో ఆగిన కంప్యూటర్ కూడా మళ్లీ రాయించుకోగలదు. రాయడానికి కావలసిన చిన్న భాగాన్ని వేరుగా దాచుకుంటుంది కాబట్టి. తాళం తిప్పాను. ఇంజన్ స్టార్ట్ అయింది.

"ఏసీ వేయి," అన్నారు. వేశాను. వణకలేదు.

"ఏసీ వేస్తే ఫ్యాను తిరుగుతుంది, ఫ్యాను తిరిగితే ఎర్త్ పాడవుతుంది, బండి వణుకుతుంది. ముందే ఎర్త్ చూసుంటే నీకు ఆ ప్రోగ్రాం అవసరమే ఉండేది కాదేమో," అన్నారు. నాకూ ఇప్పుడు అలాగే అనిపిస్తోంది. మీరు ఎప్పుడైనా కారు కంప్యూటర్ ముట్టుకుంటే ముందు వైర్లు చూడండి. లోడ్ మీద చూడండి.

తర్వాత ఆయన కొంచెం సేపు మాట్లాడలేదు. "కారు ఒకసారి మొత్తం చూపించమ్మా. తమ్ముడి బండి నేనెప్పుడూ చూడలేదు," అన్నారు.

ఫోన్ పట్టుకుని చుట్టూ తిరిగాను. డ్రైవర్ సీటు చూపించాను. అద్దానికి నాన్న కట్టిన చిన్న వెంకటేశ్వరస్వామి బొమ్మ చూపించాను. ఏమీ చెప్పలేకపోయాను. తెలుగు రాక కాదు.

ఇప్పుడు ప్రతి శనివారం ఫోన్ చేస్తున్నాను. పోయిన వారం ఆయన ఆల్టర్నేటర్ గురించి గంటసేపు చెప్పారు. సగం అర్థమైంది. మిగతా సగం వచ్చే శనివారం అడుగుతాను.

ఈసారి నేను నేర్చుకున్న మాటలు:

బండి: నడిచే ఏ వాహనమైనా. కారు, స్కూటరు, లారీ.
ఎర్త్: బాడీకి కలిపే వైరు. 'నేల తీగ' అని మాత్రం అనకండి.
తుప్పు: ఇనుముకి పట్టేది.
చిలుము: రాగికి, ఇత్తడికి పట్టేది, పచ్చగా ఉంటుంది.
దొరికాడు దొంగ: తప్పు ఎక్కడుందో తెలిసినప్పుడు మా పెదనాన్న అనే మాట. నేనూ అంటున్నాను.