పగలు ఖర్చుకాని ప్రయాణం

ఊరి నుంచి వచ్చిన మనిషిని మన ఇళ్లలో గుమ్మంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "దేంట్లో వచ్చావు?" హైదరాబాద్‌కీ విశాఖపట్నానికీ మధ్య తిరిగేవాళ్లు చెప్పే జవాబులో వాళ్ల జీతం, వయసు, తొందర, ముందుచూపు అన్నీ బయటపడిపోతాయి. "ఫ్లైట్లో" అంటే కాస్త మర్యాదగా చూస్తారు. "వందే భారత్‌లో" అంటే లోపల టిఫిను ఏం పెట్టారని ఆరా తీస్తారు. "బస్సులో" అంటే, "అయ్యో, రైలు టికెట్టు దొరకలేదా నాయనా?" అని జాలిపడతారు. "గోదావరికి" అంటే మాత్రం ఇంకేమీ అడగరు. కాఫీ కలపడానికి లోపలికి వెళ్తారు.

కాజీపేట, విజయవాడల మీదుగా రైలు దారి సుమారు 700 కిలోమీటర్లు. రోడ్డు దారి 600 పైచిలుకు. ఈ దూరం దాటడానికున్న సాధనాలని పోల్చమంటే ఎవరైనా రెండు లెక్కలే తీస్తారు: ఎన్ని గంటలు, ఎన్ని రూపాయలు. నాకు మూడో లెక్క ఇష్టం. ఈ ప్రయాణానికి మన పగలు ఎంత ఖర్చవుతుంది? రూపాయి పోతే మళ్లీ సంపాదించవచ్చు, సెలవు రోజు పోతే మేనేజరు కూడా తిరిగి ఇవ్వలేడు.

విమానంతో మొదలుపెడదాం. గాలిలో ఉండేది గంటంబావు. ఆ గంటంబావు కోసం కూకట్‌పల్లి మనిషి ఇంట్లోంచి ఎప్పుడు కదలాలో చూడండి. బేగంపేటలో విమానాలు దిగిన రోజుల్లో విమానాశ్రయం ఊళ్లోనే ఉండేది. 2008 మార్చిలో అది శంషాబాద్‌కి తరలిపోయింది. అక్కడికి చేరడానికి మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్లకు పైగా పి.వి. పేరు మీద ఫ్లైఓవర్ కట్టాల్సి వచ్చింది. ఇంటి నుంచి అక్కడికి గంటన్నర, లోపల తనిఖీలకీ ఎదురుచూపుకీ రెండు గంటలు, ఆకాశంలో గంటంబావు, దిగాక పెట్టె కోసం నిలబడడం, ఆపైన ఆటో బేరం. ఉదయం బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి చేరతాం. పూట పోయింది. విశాఖ వైపు ఇన్నాళ్లూ మన అదృష్టం బాగుంది. నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగాలోనే పౌర విమానాలూ దిగడంతో ఊళ్లోకి రావడం సులువు. భోగాపురంలో కట్టిన కొత్త విమానాశ్రయం లెక్క వేరు. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి అది గుమ్మంలోకి వచ్చినట్టే. గాజువాక వాళ్లకి మాత్రం ఊరు మొత్తం దాటి వెళ్లే పని.

ఇక వందే భారత్. 2023 సంక్రాంతి నాడు మొదలైంది. మరుసటి ఏడాది మార్చిలో రెండోదీ వచ్చింది. ప్రయాణం ఎనిమిదిన్నర గంటల పైచిలుకు. రైలు శుభ్రంగా ఉంటుంది, కుర్చీ బాగుంటుంది, తిండి వేళకి వస్తుంది. తెల్లవారి విశాఖలో ఎక్కితే ఎనిమిదింటి ప్రాంతంలో రాజమండ్రి దగ్గర గోదావరి మీద ఎండ మెరుస్తూ కనిపిస్తుంది. ఆ ఒక్క దృశ్యానికి టికెట్టు డబ్బు సగం గిట్టుబాటు. చిక్కల్లా కిటికీతోనే. పాత రైళ్లలో వంతెన మీదకి రాగానే పెద్దవాళ్లు కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి నదిలో వేసేవారు. 1900లో కట్టిన హేవ్‌లాక్ వంతెన నుంచి 1997లో వచ్చిన కమాను వంతెన దాకా ఆ ఆచారం చెక్కుచెదరలేదు. వందే భారత్ అద్దాలు తెరుచుకోవు. బిళ్ల చేతిలోనే ఉండిపోతుంది, నది వెళ్లిపోతుంది.

అదీ పెద్ద నష్టం కాదనుకోండి. అసలు నష్టం పగటిది. పావు తక్కువ ఆరుకి రైలంటే నాలుగింటికే లేవాలి. సికింద్రాబాద్‌లో దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. ఇల్లు చేరి కూర్చునేసరికి సాయంత్రం. ఆ రోజు పెట్టుకున్న పని ఏదీ సాగదు. సికింద్రాబాద్ నుంచి మధ్యాహ్నం మూడింటి బండి ఎక్కితే, విశాఖలో చుట్టాలందరూ నిద్రపోయాక దిగుతాం. ఎనిమిదిన్నర గంటలే అని మురిసిపోతాం గానీ, అవి ఎనిమిదిన్నర మెలకువ గంటలు.

బస్సు రాత్రిని వాడుకుంటుంది, నిజమే. అయితే ప్రైవేటు బస్సు హైదరాబాద్ వదలడమే ఒక ప్రయాణం. మియాపూర్‌లో ఎక్కినవాడు కేపీహెచ్‌బీ, అమీర్‌పేట, లక్డీకాపూల్, దిల్‌సుఖ్‌నగర్ అన్నీ చూసి ఎల్బీనగర్ దాటేసరికి ఒక కునుకు అయిపోతుంది. సూర్యాపేట దగ్గర అర్ధరాత్రి లైట్లన్నీ వేసి "పావుగంట!" అని అరుస్తారు. నిద్ర రెండు ముక్కలవుతుంది. పొద్దున దిగాక ఒళ్లు కుదుటపడడానికి ఆ పగలూ పోతుంది. అయినా బస్సుని నిందించడానికి నాకు నోరు రాదు. రైలు పొమ్మన్నవాణ్ణి రమ్మనేది అదే. తెల్లారితే అన్నప్రాశన, పరీక్ష, చావు కబురు ఏదైనా కావచ్చు. ఆ సాయంత్రానికి సీటు దొరికేది బస్సులోనే.

సొంత కారు సంగతి క్లుప్తంగా చెప్తాను. నలుగురుంటే ఖర్చు కలిసొస్తుంది. చౌటుప్పల్ దాటాక రోడ్డు బాగుంటుంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగవచ్చు. ఖమ్మం నుంచి దేవరపల్లికి, విజయవాడ ముఖం చూడకుండా వెళ్లే కొత్త రహదారితో దూరమూ తగ్గుతుంది. నడిపేవాడికి మాత్రం వెళ్లేటప్పుడొక పగలు, వచ్చేటప్పుడొక పగలు స్టీరింగుకే సమర్పణం. సంక్రాంతికి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర క్యూ కట్టిన కార్లలో ఎవర్నడిగినా ఈ మాటే చెప్తారు.

మిగిలింది రాత్రి రైలు. 1974 ఫిబ్రవరి 1న, విశాఖ స్టేషన్‌ని ఇంకా వాల్తేరు అనే రోజుల్లో, గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైంది. యాభై ఏళ్లు నిండిన రోజున స్టేషన్లో కేకు కోశారు. ఒక రైలుకి పుట్టినరోజు చేశారంటే దాన్ని ఇంట్లో మనిషిగా లెక్కపెట్టుకున్నట్టే. సాయంత్రం అయిదు దాటాక బయలుదేరి పొద్దున ఆరింటి ప్రాంతంలో దించుతుంది. పన్నెండున్నర గంటలు. కాగితం మీద చూస్తే వందే భారత్ కంటే నాలుగు గంటలు వెనక. పగటి లెక్కలో చూస్తే ఖర్చు దాదాపు సున్నా. సాయంత్రం ఎక్కి, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిని, పక్కవాళ్లు అమ్మాయి సంబంధం గురించి చెప్పింది విని, దుప్పటి కప్పుకుంటే మధ్యలో ఏ స్టేషన్లు వచ్చాయో తెలియదు. పొద్దున దిగి స్నానం చేసి పదింటికి ఆఫీసులో కూర్చోవచ్చు.

లోపాలు లేకపోలేదు. నాంపల్లిలో అయిదింటికి బండి అంటే ఆఫీసులో మూడున్నరకే ఏదో ఒకటి చెప్పి బయటపడాలి. అందుకే ఉద్యోగులు రాత్రి బయలుదేరే గరీబ్‌రథ్, దురంతోల మీద పడతారు. చవకగా ఏసీ ఇస్తామని చెప్పి గరీబ్‌రథ్‌లో సైడున కూడా మధ్య బెర్తు ఇరికించారు. పేదవాడికి చల్లదనం ఇచ్చారు గానీ నడుము నిటారుగా పెట్టి కూర్చునే వీలు ఇవ్వలేదు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యకి పై బెర్తు వస్తే రాత్రంతా బోగీకే జాగారం. ఇక ఆర్‌ఏసీలో ఒకే బెర్తు మీద ఎదురెదురుగా కాళ్లు ముడుచుకున్న ఇద్దరికీ నా పగటి సిద్ధాంతం చెప్తే తంతారు.

ఈ సిద్ధాంతమంతా కన్ఫర్మ్ అనే ఒక్క మాట మీద నిలబడి ఉందని నాకూ తెలుసు. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ గడువు నూట ఇరవై రోజుల నుంచి అరవైకి తగ్గింది. పండగ తేదీకి పొద్దున ఎనిమిదింటికి కిటికీ తెరిస్తే, కాఫీ చల్లారేలోపు వెయిటింగ్ లిస్టు మొదలవుతుంది. తత్కాల్ కోసం పదింటికి, పదకొండింటికి ఫోను పట్టుకుని కూర్చునేవాళ్లని చూస్తే, ఈ దారిలో అందరికీ కావలసిందేమిటో చెప్పక్కర్లేదు. వాళ్లు వేగం కోసం కొట్టుకోవడం లేదు. నడుము వాల్చడానికి ఆరడుగుల చోటు అడుగుతున్నారు.

కాబట్టి అడిగినవాళ్లకి నేను చెప్పేది ఇది. ఆసుపత్రి పనో, ఒక్క పూట సమావేశమో అయితే విమానం ఎక్కండి, లెక్కలు చూడకండి. అమ్మానాన్నలతో తీరిగ్గా వెళ్తుంటే విశాఖలో పొద్దుటి వందే భారత్ ఎక్కించి, వాళ్లని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. బస్సు తప్పకపోతే ఎల్బీనగర్‌లో ఎక్కండి. రెండు నెలల ముందే తేదీ తెలిస్తే మాత్రం మారుమాట లేకుండా గోదావరికి బుక్ చేసుకోండి. రైల్వేవారికి కూడా ఒక మనవి: ఈ దారిలో పగటి కుర్చీలు ఇచ్చినందుకు సంతోషం. ఇకమీదట ఇచ్చే రైలేదైనా రాత్రి పూట ఇవ్వండి, అందులో బెర్తులు పెట్టండి.