మల్లి ముక్కుకి పని

ఢిల్లీలో జీటీబీ నగర్ మెట్రో దగ్గర దిగి, ఈ-రిక్షాలో బత్రా సినిమా దాకా వెళ్లాను. అక్కణ్నుంచి అన్నీ జిరాక్సు షాపులూ పుస్తకాల బండ్లే. తలెత్తితే కోచింగ్ బోర్డులు. ముఖర్జీ నగర్‌లో మా మేనల్లుడు సివిల్స్‌కి చదువుతున్నాడు. కానీ నేను ముఖ్యంగా వెళ్లింది మల్లిని చూడ్డానికి.

మల్లి దేశీ కుక్క. కిందటి వానాకాలం మెట్ల కింద తడుస్తుంటే మా వాడూ, గదిలో వాడితో ఉండేవాళ్లూ పైకి తెచ్చుకున్నారు. మూడో అంతస్తులో ఒకటే గది, ముగ్గురు కుర్రాళ్లు. పొద్దున ఎనిమిదికి లైబ్రరీకి పోతే మళ్లీ రాత్రికే. "అత్తా, మల్లి కాలు నాకినచోటే నాకి పుండు చేసుకుంటోంది" అని రెండు నెలల కిందట వాడు ఫోన్ చేశాడు. డాక్టరు ముందు గజ్జి, అలర్జీ, కీళ్లనొప్పి ఉన్నాయేమో చూశారట. అవేవీ లేవని తేలాక అడిగారట: "రోజంతా ఇది ఏం చేస్తుంది?"

వీడి దగ్గర జవాబు లేదు. తిండి పెడుతున్నారు, టీకాలు వేయించారు, ముద్దు చేస్తున్నారు. మల్లికి పనే లేదు.

నేను కూర్చున్న గంటలో కింది అంతస్తులో డ్రిల్లింగ్ మొదలైంది. మల్లి ఆవలించింది. నిద్ర వచ్చి కాదు. ఎదురుగా తిండి లేకపోయినా పెదాలు నాక్కుంది. తల అటు తిప్పి, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసింది. చప్పుడు ఆగగానే, తడవకపోయినా ఒళ్లంతా విదిల్చుకుంది. బెదిరిన కుక్క మొరగడానికి చాలాముందే ఇలా చెప్పుకుంటుంది. మనం అది ముద్దుగా ఆవలించిందని ఫోటో తీసుకుంటాం.

ఇప్పుడు గదిలో ఒక అట్టపెట్టె ఉంది. పాత టెస్ట్ సిరీస్ కాగితాలు ఉండలు చుట్టి, వాటి మధ్య రొట్టె ముక్కలు దాచి, బయటికి వెళ్లేముందు మల్లి ముందు పెడతారు. గిన్నెలో వేస్తే నిమిషంలో అయిపోయే తిండి కోసం అరగంట వెతుకుతుంది. మంచం కింద పాత దుప్పటితో ఒక మూల చేశారు; అక్కడ దూరితే ఎవరూ పిలవకూడదని ముగ్గురికీ ఒప్పందం. మధ్యాహ్నం ఒకరు వంతులవారీగా వచ్చి గంట ఉంటున్నారు. నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద మందు అదే. పుండు ఎండింది, బొచ్చు మొలుస్తోంది.

పక్కగదిలో పిల్లి ఉంది. దానికి కావలసింది వేరు, ఎత్తు. పుస్తకాల అలమర పైఅర ఖాళీ చేసి ఇచ్చారు. పిల్లి మట్టితొట్టి వదిలేసి పక్కమీద పోస్తే పొగరని తిట్టకండి. బెంగ వల్ల మూత్రాశయం వాచే జబ్బు వాటికి ఉంది. మగపిల్లి ముక్కుతున్నా మూత్రం రాకపోతే మాత్రం ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మా వాడు నాకో పేజీ చూపించాడు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 11వ సెక్షన్. కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టి కదిలించిన విషయం అది. ఎప్పుడూ కట్టేసో, ఇరుకులో బంధించో ఉంచే కుక్కని తగినంత తిప్పకపోవడం కూడా అందులో హింసే. "కొట్టడం ఒక్కటే అనుకున్నాను అత్తా" అన్నాడు. వాడి గొంతు తగ్గిపోయింది.

రాత్రి తొమ్మిది దాటాక, సిమెంటు రోడ్డు వేడి తగ్గాక, కిందికి దిగాం. ఇదివరకు పావుగంటలో వీధి చుట్టి లాక్కొచ్చేసేవాడట. మల్లి ఒక స్కూటర్ చక్రం దగ్గర ఆగి, ముక్కు ఆనించి, తోక మెల్లగా ఆడిస్తూ వాసన చూస్తోంది. ఎన్ని కుక్కలు ఆ దారిన పోయాయో ఏమో. నాలుగైదు నిమిషాలైంది. వాడు గొలుసు వదులుగా పట్టుకుని నిలబడే ఉన్నాడు.