మైపాడులో విన్న మాట, హాలండులో చూచిన బొమ్మ

పిల్లలూ! నెల్లూరు నుంచి తూర్పుగా సుమారు 25 కిలోమీటర్లు పోతే మైపాడు వస్తుంది. ఇందుకూరుపేట మీదుగా వెళ్లాలి. దారి పొడుగునా వరిపొలాలు, ఆ తరవాత రొయ్యల గుంటలు, ఆ పైన బకింగ్‌హాం కాలువ. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్ల పొడవున్న కాలువ ఇది. 1876-78 కరువులో పనులు లేక అలమటించే జనానికి కూలి దొరకాలని ఇందులో కొంత భాగం తవ్వించారు. ఆనాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దీనికి పెట్టారు. ఒకప్పుడు ఈ కాలువలో ధాన్యమూ, ఉప్పూ, కట్టెలూ పడవల మీద మద్రాసుకు పోయేవి.

కాలువ దాటితే సరుగుడు తోపులు. తోపుల అవతల నుంచి సముద్రపు హోరు వినిపిస్తుంది.

1973 వేసవి సెలవుల్లో మేము అయిదుగురం నేస్తాలం అద్దె సైకిళ్ల మీద మైపాడు వెళ్లాము. నాకప్పుడు 13 ఏళ్లు. మాలో ఒకడు గొప్ప ఈతగాడు. పెన్నలో నీళ్లున్న రోజుల్లో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదేవాడు. పెరుగన్నం మూటలు తోపులో పెట్టి అందరమూ ఒడ్డుకు పరుగెత్తాము.

రెండు పక్కలా అలలు తెల్లగా విరిగిపడుతున్నాయి. మధ్యలో మాత్రం మా తరగతి గదంత వెడల్పున నీళ్లు నున్నగా, కాస్త నల్లగా ఉన్నాయి.

"అక్కడ అలలే లేవురా! దిగడానికి అదే మంచి చోటు," అంటూ మా ఈతగాడు దూకాడు.

చూస్తూండగానే వాడు దూరమై పోయాడు. ఒడ్డు వైపు తిరిగి చేతులు గట్టిగా వేస్తున్నాడు. వేసినకొద్దీ ఇంకా లోపలికే పోతున్నాడు. వేళాకోళం చేస్తున్నాడనుకుని మేము నవ్వాము కూడా! కొంతసేపటికి వాడి తల నీళ్ల మీద కొబ్బరికాయంత కనిపించింది. అప్పుడు మాకు గుండె జారింది.

పడవ నీడన వల బాగుచేసుకుంటున్న తాత ఒకడు మా కేకలు విని లేచి వచ్చాడు. చేయి ఉత్తరం వైపు ఊపుతూ, "ఎదురీదబాక! అడ్డంగా రా అబ్బయ్యా, అడ్డంగా!" అని అరిచాడు. మావాడికి మాట వినబడిందో లేదో గాని చేయి కనబడింది. ఒడ్డు వెంబడి ఉత్తరానికి తిరిగాడు. కొంత దూరం పోయేసరికి అలలే వాడిని ఇటు తోశాయి. తాత తాడు కట్టిన చెక్కమొద్దు పట్టుకుని ఎదురు వెళ్లి వాడిని లాక్కొచ్చాడు.

మావాడు ఉప్పునీళ్లు కక్కుకుంటూ ఇసుకలో పడి ఉన్నాడు. తాత మమ్మల్ని చెడామడా తిట్టాడు. "నున్నంగా ఉండే చోట దిగబాకండి. సముద్రం అక్కడ్నుంచే ఎనక్కి పోతాది," అన్నాడు. అక్కడేదో గండం ఉంది కాబోలనుకున్నాము. అంతకు మించి మాకేమీ అర్థం కాలేదు. మావాడు ఆ తరవాత మాతో ఎన్నోసార్లు మైపాడు వచ్చాడు గాని, పాదాలు తడిసేంత వరకే దిగేవాడు.

2019 జూలైలో ఆ నేస్తుడూ నేనూ హాలండు వెళ్లాము. వాడి కూతురికి హేగ్ నగరంలో ఉద్యోగం. ఆ దేశంలో నాలుగో వంతు నేల సముద్రమట్టం కన్న పల్లంలో ఉంది. కట్టలు కట్టి, నీళ్లు తోడుతూ అక్కడివాళ్లు కాపురం చేస్తున్నారు. ఎటు చూచినా కాలువలే. "మన బకింగ్‌హాం కాలువే! మనది పూడిపోయింది, వాళ్లది పూడలేదు," అన్నాడు మావాడు.

ఒకనాడు ట్రాము ఎక్కి షెవెనింగెన్ సముద్రతీరానికి వెళ్లాము. మనకు సరుగుడు తోపులున్నట్టే అక్కడి ఇసుక దిబ్బల మీద గడ్డి పెంచారు. ఆ గడ్డి వేళ్లు ఇసుకను ఎగిరిపోకుండా పట్టి ఉంచుతాయి. అక్కడివాళ్లు ఉల్లిపాయ ముక్కలు చల్లి హెర్రింగు చేపను వండకుండానే తింటున్నారు. నెల్లూరు చేపల పులుసు తిన్నవాళ్లం, మేము దూరం నుంచే దండం పెట్టాము!

ఒడ్డున ఎర్రరంగూ పసుపురంగూ కలిసిన జెండా ఎగురుతోంది. కాపలా ఈతగాళ్లు ఉన్నారని దాని గుర్తు. ఉత్త ఎర్రజెండా ఎగిరితే నీళ్లలో దిగరాదు. పక్కనే బొమ్మల పలక ఒకటి ఉంది. మావాడు దాని ముందు నిలబడి ఎంత పిలిచినా కదలలేదు.

ఆ బొమ్మలో ఉన్నది ఇది. అలలు నీటిని ఒడ్డు మీదికి తోస్తాయి. ఆ నీరు తిరిగి లోపలికి పోవాలి గదా? ఒడ్డుకు కాస్త దూరంలో నీటి అడుగున ఇసుక మేటలుంటాయి. వాటి మధ్య సందు దొరికితే నీరంతా ఆ సందులోకి చేరి, ఇరుకైన ఏరులాగా వేగంగా వెనక్కు పోతుంది. సందులో లోతు ఎక్కువ గనక అక్కడ అలలు విరగవు. అందుకే నున్నగా కనబడుతుంది. దానికి ఎదురీదితే ఎంత బలశాలి అయినా అలిసిపోతాడు. ఒడ్డు వెంబడి అడ్డంగా ఈదితే ఏరు దాటి బయటపడవచ్చు.

"తాత చెప్పింది ఇదేరా," అన్నాడు మావాడు చివరికి. "నా చేతుల్లో సత్తువ లేకపోయిందని 46 ఏళ్లుగా అనుకుంటున్నాను."

మరుసటి సంక్రాంతికి మేము మైపాడు వెళ్లాము. తాత ఏనాడో పోయాడు. పట్టపుపాళెంలో ఆయన మనమడు వల బాగుచేస్తున్నాడు. సందు ఎక్కడుందని అడిగితే, "నిన్న అక్కడ, ఈరోజు ఇక్కడ," అని చేయి చూపించాడు. ఇసుక మేటలు కదిలినప్పుడల్లా సందూ మారుతుందన్నమాట. అతను సరేనన్న చోట మావాడు నా చేయి పట్టుకుని మోకాళ్ల లోతు దిగాడు.

పిల్లలూ! మీరు సముద్రానికి వెళితే పెద్దవాళ్లు లేకుండా దిగకండి. ఎక్కడ దిగవచ్చునో పాళెం వాళ్లను అడగండి. ఏరు లాగితే ఎదురీదకండి; తేలుతూ చేయి ఎత్తి కేక వేయండి, ఈదగలిగితే అడ్డంగా రండి. ఇంకొకరు కొట్టుకుపోతుంటే మీరు వెంట దూకకండి. తేలే వస్తువు ఏదైనా విసిరి, పెద్దలను పిలిచి, 112కు ఫోను చేయించండి. హాలండులోనూ ఆపదలో పిలిచే నంబరు అదే!