నడిచిన ఏళ్లు కాదు, నిలిచిన ప్రతులు

నల్లగొండ జిల్లావాళ్లం ఏ దేశంలో నలుగురం కలిసినా సాయుధ పోరాటం ప్రస్తావన రాకుండా ముచ్చట ముగియదు. నీలగిరి పత్రిక మాట మాత్రం ఎవరూ ఎత్తరు. షబ్నవీసు వేంకట రామ నరసింహారావు 1922లో నల్లగొండ నుంచి మొదలుపెట్టిన వారపత్రిక అది. అదే ఏడు ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు ఓరుగల్లు వైపు ఇనుగుర్తి అనే పల్లె నుంచి తెనుగు పత్రిక తెచ్చారు. రెండూ కొన్నేళ్లకే ఆగిపోయాయి కాబట్టి వాటిని తీరని ముచ్చట్ల కింద జమకట్టి మరిచిపోయాం. ఈ లెక్కే సరికాదంటాను. చిన్న ఊరి పత్రిక ఎన్నేళ్లు నడిచిందన్నది దాన్ని నడిపినవాళ్ల శక్తిని బట్టి ఉంటుంది. దాని ప్రతులు నిలవడం మాత్రం మన బాధ్యత.

ప్రతి నిలిస్తే ఏమవుతుందో చెప్పడానికి సురవరం ప్రతాపరెడ్డి చాలు. పాలమూరు బిడ్డ ఆయన. 1926లో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక ప్రారంభించారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచీ పద్యాలు రాబట్టి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అది పుస్తకమై బీరువాలకు చేరింది గనుక ఆయన వాదన నేటికీ గెలుస్తూనే ఉంది. విడి కాగితాలకు ఆ భాగ్యం లేదు. వారం తిరిగేసరికి కిరాణా కొట్లో పొట్లాలవుతాయి.

చదువొచ్చినవాళ్లు నూటికి ఐదుగురైనా లేని నైజాం రాజ్యంలో ఈ పత్రికలను ఎవరు చదివారని అడగవచ్చు. పత్రిక ప్రభావాన్ని చదవగలిగినవాళ్ల సంఖ్యతో కొలవలేం. ఒకరు చదివితే పదిమంది వినే కాలం అది, గ్రంథాలయోద్యమం ఊళ్లకు పాకుతున్న కాలం కూడా. ఇంకో ఆక్షేపణ బలమైనది. చిన్న పత్రికలు చాలావరకు స్థానిక నాయకుల ప్రకటనల మీద బతుకుతాయి, వాళ్ల బాకా ఊదుతాయి. కాదనను. అయితే తేదీ వేసి అచ్చయిన పక్షపాతం కూడా చరిత్రకారుడికి సాక్ష్యమే. ఎవరు ఎవరిని ఎప్పుడు పొగిడారో అదే చెబుతుంది. దినపత్రికల జిల్లా పేజీలు, వాట్సాప్ గ్రూపులు ఉండగా ఇవెందుకంటారా? జిల్లా పేజీలో మన మోత్కూరు వంటి చిన్న ఊరికి దక్కేది నాలుగు వాక్యాలు. వాట్సాప్‌లో నలుగురి చేతులు మారిన కబురుకు తేదీ ఉండదు, రాసినవాడూ ఉండడు. అచ్చుపత్రిక మీద ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు ఉండాలని 1867 నాటి చట్టమే చెప్పింది. అబద్ధం రాస్తే నిలదీయడానికి ఒక మనిషి దొరుకుతాడు.

ప్రతులు దాచే పని సర్కారుది కాదా అంటే, చట్టమైతే ఉంది. 1954లో పుస్తకాల కోసం చేసి, 1956లో పత్రికలకూ వర్తింపజేసిన చట్టం ప్రకారం కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు కన్నెమెరా వంటి గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. ఇంటిల్లిపాదీ కష్టపడి వెళ్లదీసే పత్రిక వారం వారం ఆ తపాలా ఖర్చు భరిస్తుందని నమ్మి కూర్చోలేం. ఉమ్మడి రాష్ట్ర ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో ఉంచింది కాబట్టి ప్రతులు దాచడం అసాధ్యమైన పనీ కాదు.

ప్రవాసులకు ఇందులో ప్రత్యేక బాధ్యత ఉంది. 1970లో అట్లాంటా నుంచి పెమ్మరాజు వేణుగోపాలరావు తెలుగు భాషా పత్రిక తెచ్చిననాడు అమెరికా తెలుగువాళ్లదీ చిన్న ఊరి బతుకే. ఆ కాగితం విలువ తెలిసిన మనం సొంత ఊళ్ల కాగితాలనూ పట్టించుకోవాలి. మోత్కూరునే చూడండి: అది 2016లో నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి మారింది, 2018లో పురపాలికయింది. ఆ మార్పుతో అంగడి, పన్నులు, వాగు ఇసుక మీద ఊళ్లో ఏ తగువులు రేగాయో రేపటివాళ్లకు తెలియాలంటే ఇప్పటి కాగితాలే దిక్కు. గుడి గోపురాలకు, బడి గదులకు చందాలిస్తున్నాం, మంచిదే. ఆ పట్టీలో ఇంకొక్క పద్దు చేర్చుకుందాం: ఊళ్లో ఏ పత్రిక వెలువడినా, దాని రాజకీయం మనకు నచ్చినా నచ్చకున్నా, ఏడాది చందా కట్టి, సంచికలు బైండు చేయించి, ఒక ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పగించడం.