ఏ యింట నుండవలెను?

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మనవారందురు. కట్టుటలోని కష్టము నెఱిగినవారే యీ మాటను పుట్టించియుందురు. కాని రెండిండ్లుండి, వానిలో నొకదానిని విడువవలసి వచ్చినవాని చిక్కును గూర్చి సామెత యేదియు నాకు కనబడలేదు. మన తాతలకు ఆ చిక్కు లేదు. పుట్టిన యింటనే పెరిగి, ఆ యింటనే కన్ను మూసిరి. నేడు మధ్యతరగతి వారిలో ననేకులకు పల్లెలో తండ్రి విడిచిన పెంకుటిల్లొకటి, పట్టణపు శివారున బ్యాంకు అప్పుతో కట్టించుకొన్న శ్లాబు ఇల్లొకటి యున్నవి. రెంటిని నిలుపుకొనుటకు రాబడి చాలదు. ఏది యుంచుకొనవలెను? ఏది విడువవలెను? ఈ ప్రశ్న యిటీవల మా కుటుంబమునకును వచ్చినది. మా పాత యిల్లు కోనసీమలో నొక పల్లెయందున్నది; క్రొత్తది రాజమహేంద్రవరమున. ఇది నా యొక్కని చిక్కు కాదు కనుక, నేను తలపోసినదానిని చదువరుల ముందుంచుచున్నాను.

ముందుగా పాత యింటికి చెల్లవలసిన మర్యాద చెల్లింతము. అది మండువా లోగిలి. నాలుగు వైపుల వసారాలు. నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి. నాలుగు వాలులనుండి జారిన వాననీరు ఆ నడిమి పల్లమున పడి తూముగుండ పెరటికి పోవును. వేడెక్కిన గాలి తేలికయై మండువానుండి పైకి పోగా, వీధి గుమ్మమునుండియు పెరటి గుమ్మమునుండియు చల్లని గాలి లోనికి వచ్చును. గోడలు మూరెడు మందము. ఇటుకకు ఇటుకకు నడుమ గానుగలో రుబ్బిన సున్నము. సున్నము గోడలోని చెమ్మను వెలికి పోనిచ్చును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మ లోననే నిలిచి ఇటుకను చెఱచును. భౌతికశాస్త్రము చదువని మేస్త్రుల యీ నేర్పును నేటి యింజనీర్లు సైతము మెచ్చుకొనుచున్నారు. వైశాఖమాసపు మధ్యాహ్నమున ఆ వసారాలో చాప పరచుకొని పండుకొన్నవానికి ఆ మెప్పు అతిశయోక్తిగా తోపదు.

అయితే, ఆ చాపమీద పండుకొన్నది ఎవరు? ఈ ప్రశ్న వేసికొన్నంతనే ఇల్లు వేఱొక తీరున కనబడసాగును. వీధి అరుగు మగవారిది. సావిడి అతిథులది. వంటయిల్లు వెనుక మూలను. దానికి కిటికీ యొక్కటి, అదియు జానెడు వెడల్పు. అందు పిడకల పొగలో మా నాయనమ్మయు, ఆమె తరువాత మా యమ్మయు దినమునకు ఆరేడు గంటలు గడపిరి. ఇండ్లలోని పొయ్యి పొగ మూలమున 2020వ సంవత్సరమున ప్రపంచమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మండువాలో నంత చల్లగా వీచిన గాలి వంటయింటికి మాత్రము చేరకపోవుటకు కారణమేమి? నెలకు మూడు దినములు ఆడువారు పెరటి పంచను గడపెడివారు. భర్త పోయిన మేనత్తకు గాదె ప్రక్కనున్న చీకటి గది. పొలము పనివారు ప్రక్క సందునుండి పెరటికి వచ్చి దోసిలి పట్టి నిలిచినచో పైనుండి నీళ్లు పోసెడివారు. వారు కోసి, నూర్చి, మోసి తెచ్చిన ధాన్యము వీధి గుమ్మమునుండి లోనికి పోయెడిది. వారు మాత్రము పోరాదు. ఆ యింటి పటము గీచినవాడు మేస్త్రి యని నేను నమ్మను. గీచినది ఆచారము, మేస్త్రి దానిపై ఇటుకలు పేర్చెను.

"ఇంటిని చూచి యిల్లాలిని చూడు" అని మఱొక సామెత గలదు. గృహిణి లేని గృహము గృహమే కాదని సంస్కృతమునను నానుడి యున్నది. ఇన్ని చెప్పినవారిలో, ఇల్లు కట్టునపుడు వంటయింటి కిటికీ యెంత యుండవలెనో యిల్లాలి నడిగినవానిని నేనెఱుగను. కావున మా యింటి యాడువారి నడిగితిని. నా భార్య, "మీరు ఆ యింటిని పొగుడుతూ ఉంటే వినడానికి బాగానే ఉంటుందండీ. ఆ నూతిలో నీళ్లు తోడింది నేను" అన్నది. మా యమ్మ, "ఇక్కడ నాకు నాలుగు గోడలే కనపడతాయిరా. అక్కడ అరుగుమీద కూర్చుంటే వచ్చేవాళ్లు పోయేవాళ్లు పలకరిస్తారు" అన్నది. ఇరువురి మాటయు సత్యమే. ఆ యరుగు ఆమెకు దక్కినది మా తండ్రి పోయిన పిమ్మటనే యని ఆమె చెప్పలేదు, నేనెఱుగుదును.

ఇక క్రొత్త యింటి సంగతి. కుళాయి, గ్యాసు పొయ్యి, ఇంటిలోననే మరుగుదొడ్డి యున్నవి. వీని కన్నిటికి మించి, నా కుమార్తె గదికి లోపలి గడియ యున్నది. దీనిని అల్పముగా నెంచరాదు. ఎనిమిది గదుల పాత యింట, ఆడపిల్ల తలుపు వేసికొని ఒక గంటసేపు చదువుకొనదగిన గది యొక్కటియు లేదు. శ్లాబుకు మఱియొక గుణమును గలదు. 1996 నవంబరు 6వ తేది రాత్రి కోనసీమను తుపాను ముంచెత్తి, వేయిమందికి పైగా ప్రాణములు గొన్నపుడు, మా పెంకులు ఆకులవలె నెగిరిపోయినవి. వీధివారందరమును ఊరి బడి శ్లాబు క్రింద తలదాచుకొంటిమి. సందునుండి వచ్చువారును, గుమ్మమునుండి వచ్చువారును ఆ రాత్రి యొక్క కుండలోని గంజి త్రాగిరి. మా యింటికి మరల పెంకులు నేయించిన నెలకే సందు సందే యైనది, గుమ్మము గుమ్మమే యైనది.

కప్పు మారినంత మాత్రమున కాపురము మారదనుటకు ఇది చాలును. క్రొత్త యిండ్ల పేటలయందు నేను చూచుచున్నదియు నదియే. శ్లాబు పగలెల్ల ఎండను త్రాగి రాత్రియెల్ల వెడలగ్రక్కును, అది భరింపవచ్చును. కాని సిమెంటులో ఇసుకతోపాటు పాత ఆచారమును కలిపి పోయుచున్నాము. మా వీధిలో నొకరు, వంటగది ఆగ్నేయమున లేదని చెక్కుచెదరని గోడలను పడగొట్టి మరల కట్టించిరి. పాత్రలు తోము నామెకు వేఱు గ్లాసు నేటికిని కిటికీ గూటిలో నున్నది. అద్దెకు వచ్చినవానిని మొదట నడుగు ప్రశ్న "మీరేమిట్లు?" అని, జవాబు నచ్చనిచో ఇల్లు ఖాళీ లేదు. ఇందుకు మారుగా, ఈ పట్టణముననే వీరేశలింగముగారి పాత యిల్లు నేటికిని సంరక్షింపబడి యున్నది. 1881 డిసెంబరు 11వ తేదిన ఆయన యిచ్చట మొదటి వితంతువివాహము జరిపించినపుడు వంటవారును నీళ్లు మోయువారును రాక మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగ గోదావరి నీరు మోసి తెచ్చి వండిరి. పాత గోడల నడుమ క్రొత్త ధర్మము నిలువగలదు. క్రొత్త గోడల నడుమ పాత యన్యాయమును నిలువగలదు.

కావున పాతదా, క్రొత్తదా యన్న ప్రశ్నను మేము ప్రక్కకు నెట్టి, ఎవరికి తావు లేదన్న ప్రశ్నను ముందుకు తెచ్చుకొంటిమి. అంతట మా చెల్లెలి మాట వచ్చినది. భర్త పోయిన పిమ్మట ఆమె బిడ్డతో పాత యింటికే వచ్చినది. మా తండ్రి కడపటి నాలుగేండ్లు ఆమె చేతిమీదుగనే గడచినవి. ఆ యిల్లమ్మి వచ్చిన సొమ్మును రెండు భాగములు చేయుదమని మా యన్నగారి యభిప్రాయము. "ఆడపిల్లకు ఇవ్వవలసింది పెళ్లినాడే ఇచ్చాం కదా" అని ఆయన వాదము. నాడిచ్చినది ఆమెకు కాదు, అల్లునికి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కూతురికి భాగమిచ్చియు, 23వ సెక్షనున నొక మెలిక పెట్టినది: కుటుంబము కాపురమున్న యింటిని మగవారు పంచుకొనదలచిననే గాని ఆమె తన భాగమును పంచియిమ్మని యడుగరాదు. 2005 సెప్టెంబరు 9వ తేదినుండి అమలులోనికి వచ్చిన సవరణము ఆ సెక్షనును తొలగించి, ఉమ్మడి యాస్తియందు కూతురిని కొడుకుతో సమానురాలిని చేసినది. శాసనము మారినది, మా యింటి భోజనపు బల్లవద్దకు ఆ వార్త చేరుట కింతకాలము పట్టినది.

భాగములు మూడని నేను పట్టుపట్టితిని. మా యన్నగారు కొన్ని నెలలు మాటలాడలేదు, పిదప నంగీకరించిరి. అమ్మవలెనా, ఉంచవలెనా యని మొదట చెల్లెలి నడిగితిమి. ఆమె యొక నిమిషమైనను ఆలోచింపలేదు. "అమ్మవద్దన్నయ్యా. నేనుంటాను. కాని అత్తయ్య గదిలో కాదు, వీధి గదిలో. అక్కడ కుట్టుమిషను పెట్టుకుంటాను" అన్నది.

మా యన్నగారి భాగపు సొమ్మును నేనును చెల్లెలును వాయిదాలమీద చెల్లించుచున్నాము. నా జీతమునకు అది భారమే. మేము క్రొత్త యింటి మీద తలచిన రెండవ యంతస్తు ఆగిపోయినది. నా భార్యయు పిల్లలును ఆ క్రొత్త యింటనే యున్నారు. మా యమ్మ తన యరుగునకు తిరిగి పోయినది. పాత యింటి వంటగదికి పెద్ద కిటికీ పెట్టించితిమి. గాదె ప్రక్క గదికి గోడ తొలిపించి వెలుతురు తెప్పించితిమి. రవికలు కుట్టించుకొనుటకు అన్ని పేటల స్త్రీలును వీధి గుమ్మమునుండియే లోనికి వచ్చుచున్నారు. ఊరిలో కొందరు ముఖము త్రిప్పుకొనిరి. కొందరు తామును రవికలు తెచ్చిరి.

ఇల్లు పాతదో క్రొత్తదో మేస్త్రి చెప్పగలడు. దాని వెల యెంతో దళారి చెప్పగలడు. అది ఉండదగినదో కాదో చెప్పవలసినది మాత్రము, ఆ యింట అందరికన్న ముందుగా లేచి, అందరికన్న కడపట భుజించు మనిషి. ఇల్లు కట్టువారును, కొనువారును, అమ్మువారును మొదట ఆమె నడుగుదురు గాక.