అమ్మ నలత

"సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోందే." ఆపరేషనయిన ఎనిమిది నెలలకి అమ్మ ఫోన్లో అన్న మాట. "పారాసెటమాల్ వేసుకో" అని పెట్టేశాను. ఆ రాత్రికి నా సెమినార్ పేపర్ పూర్తవ్వాలి. విషయం, కథల్లో స్త్రీల మౌనం.

అమ్మ కడుపులో బృహద్ధమని బుడగలా ఉబ్బితే, అక్కడ డాక్రాన్ గొట్టం పెట్టి కుట్టారు. డాక్రాన్ అంటే పాలియెస్టరే. 1950లలో హ్యూస్టన్ సర్జన్ మైకేల్ డిబేకీ ఆ బట్ట కొని, భార్య కుట్టుమిషన్ మీద తనే గొట్టాలు కుట్టాడు. ఆయనకి కుట్టు నేర్పింది వాళ్లమ్మ. ఇది చెబితే, ముప్ఫయ్యేళ్లు జాకెట్లు కుట్టిన మా అమ్మ "అయితే నా లోపలున్నది మన పనేనన్నమాట" అని నవ్వింది.

ఆ బట్ట మీద బాక్టీరియా చేరితే జిగురు పొర కట్టుకుని దాక్కుంటుంది. మందులు ఆ పొరలోకి సరిగ్గా వెళ్లవు. ఇలా జరగడం అరుదు, జరిగితే ప్రాణాంతకం. నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అందాకా కనిపించేది కాస్త జ్వరం, నీరసం, బరువు తగ్గడం.

అమ్మ అవన్నీ చెప్పింది. "ఈ వయసు ఆడవాళ్లకి మామూలే" అన్నాడు ఒక డాక్టరు. "దిగులు పెట్టుకుంది" అన్నాడు నాన్న. నేను ఇద్దరినీ నమ్మాను.

మూడు నెలల తర్వాత ఒక రాత్రి చలిజ్వరంతో వణికిపోతుంటే ఆసుపత్రికి పరిగెత్తాం. స్కాన్‌లో గొట్టం చుట్టూ చీము. రక్తపరీక్షలో స్టాఫిలోకోకస్. పాత గొట్టం తీసేసి, అమ్మ తొడల్లోని సిరలతోనే కొత్త దారి కట్టారు. తర్వాత నెలల తరబడి యాంటీబయాటిక్స్.

ఈ జబ్బు మగవాళ్లలో ఎక్కువ. ఎంత ఉబ్బితే ఆపరేషన్ చేయాలో తేల్చిన పెద్ద పరిశోధనల్లోనూ ఎక్కువమంది వాళ్లే. ఆడవాళ్లలో బృహద్ధమని అంతకన్నా తక్కువ ఉబ్బుకే పగలొచ్చు. వైద్యం ఆడవాళ్ల మాట వినలేదని రాయడం నాకు తేలిక. నేనూ వినలేదని రాయడమే కష్టంగా ఉంది.

ఇంతకీ అమ్మ మౌనంగా ఏమీ లేదు. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో, తేదీ వేసి, ప్రతి సాయంత్రం జ్వరమెంతో రాసుకుంది. రెండో ఆపరేషన్‌కి ముందు సర్జన్ ఆ పేజీలన్నీ చదివారు. నేనూ అప్పుడే మొదటిసారి చదివాను.